తొలి తడి ఏ మడికి? — ముందువరుస పనివారికి టీకా



ఈవేళ మీతో పైరు సంగతి గాక మరొక సంగతి మాట్లాడదలచినాను. అయినా మొదలు మాత్రం మడి దగ్గరనే పెడతాను. చెరువులో నీరు సగానికి పడిపోయినదనుకోండి. ఆయకట్టు అంతటికీ ఒక్కసారిగా తడి అందదు. అప్పుడు నీరటి తూము ఎత్తి తొలి తడి ఎవరికి పారిస్తాడు? పెద్ద కమతం గల ఆసామికా? గట్టిగా గొంతెత్తిన వారికా? నారుమడికి పారిస్తాడు. నారు ఎండిపోతే ఎండేది ఆ ఒక్క మడి మాత్రమే గాదు, ఊరందరి నాట్లూ ఆగిపోతాయి. ఈ న్యాయం మనకు ఎవరో పుస్తకం పెట్టి నేర్పినది కాదు.

2021లో కరోనా టీకా వచ్చినప్పుడు దేశానికి ఎదురైన ప్రశ్న కూడ ఇటువంటిదే. టీకా కొద్ది, జనం కోట్లు. తొలి మోతాదు ఎవరికి వేయవలెను? ఆనాడు ఏమి జరిగినదో, ఎక్కడ బాగుపడినామో, ఎక్కడ తప్పిపోయినామో చెప్పుకొందాం. ఇటువంటి మహమ్మారి మరొకటి రాదని ఎవరూ పూచీ పడలేరు గనుక, ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకొనుట మనకే మేలు.

ఆ ఏడు జనవరి 3వ తేదీన రెండు టీకాలకు అత్యవసర వాడుక కింద అనుమతి లభించినది. ఒకటి పూణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ వారు తయారుచేసిన కోవిషీల్డ్. రెండవది మన హైదరాబాదులో భారత్ బయోటెక్ వారు తయారుచేసిన కోవాగ్జిన్. జనవరి 16న దేశమంతటా టీకాలు వేయుట ఆరంభమైనది. మొట్టమొదట డాక్టర్లు, నర్సులు, ఆసుపత్రి ఊడ్చి తుడిచేవారు, ఆశా కార్యకర్తలు, ఏ.ఎన్.ఎం.లు, అంగన్‌వాడీ సిబ్బంది మొదలైన వైద్యరంగం వారికి వేసినారు. ఫిబ్రవరిలో రెండవ వరుస. పోలీసులు, హోంగార్డులు, సైనికులు, పురపాలక పారిశుద్ధ్య కార్మికులు, కరోనా విధులలో ఉన్న రెవెన్యూ వారు ఇందులోకి వస్తారు. ఈ రెండు వరుసలూ కలిపి సుమారు 3 కోట్ల మందియని లెక్కగట్టినారు. మార్చి 1 నుండి 60 ఏండ్లు దాటినవారికీ, 45 దాటి ఇతర జబ్బులున్నవారికీ, ఏప్రిల్ 1 నుండి 45 దాటిన అందరికీ, మే 1 నుండి 18 నిండినవారికీ అవకాశం వచ్చినది.

ముందువరుస వారికి ముందుగా ఎందుకు వేయవలెను? ఇది వారికిచ్చే గౌరవమని కొందరనుకొన్నారు. శాలువా కప్పుటకు, సూది వేయుటకు తేడా ఉన్నది. కారణాలు మూడు.

మొదటిది, వారు రోగానికి అందరికంటె దగ్గరగా నిలుస్తారు. ఇంట్లో తలుపు వేసుకొని కూర్చోండని ఊరంతటికీ చెప్పినప్పుడు, ఆ మాట చెప్పడానికి తలుపు తలుపూ తిరిగినది ఆశా కార్యకర్తయే. రెండవది, వారు ఒకరోజులో పదుల మందిని కలుస్తారు. రోగం వారికి అంటితే వారి వెంట నడిచి ఎన్నో ఇండ్లకు పోగలదు. మూడవది అన్నింటికంటె ముఖ్యం. వారు మంచం పట్టితే ఆ పని చేసే దిక్కు మరొకరు లేరు. ఉన్న ఒక్క ఏ.ఎన్.ఎం. పడిపోతే ఆ ఉపకేంద్రం పరిధిలో బాలింతకు, పసిపిల్లకు, చివరకు టీకా వేయించుకోవలసిన వారికి కూడ సూది ఆగిపోతుంది. నారుమడి న్యాయమనగా ఇదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కట్టిన అంచనా ప్రకారం 2020 జనవరి మొదలు 2021 మే వరకు ప్రపంచమంతటా సుమారు 1,15,500 మంది ఆరోగ్య సిబ్బంది కరోనాతో మరణించి ఉండవచ్చును. 2021 అక్టోబరు నాటికి కూడ ప్రపంచంలోని ఆరోగ్య సిబ్బందిలో ప్రతి ఐదుగురిలో ఇద్దరికి మాత్రమే పూర్తి టీకా అందినదనీ, ఆఫ్రికా ప్రాంతంలో పదిమందిలో ఒక్కరికి కూడ పూర్తిగా అందలేదనీ ఆ సంస్థే చెప్పినది. ధనిక దేశాలలో మూడవ మోతాదు మాటలు నడుస్తున్న రోజులవి. చెరువు పైతూము వారు రెండవ తడి పెట్టుకొంటుండగా, దిగువ మడులలో నారు ఎండినట్లే గదా!

ఇక నేను కండ్లారా చూచినది చెబుతాను. ఆ యాసంగిలో నాకు వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర పని. తేమ చూడడం, తాలు చూడడం, రైతులకు వరుస చీటీలివ్వడం. అంతకు ముందు కరోనా విధులలో నా పేరు వ్రాసుకొని ఉన్నందున, నాకు టీకా మార్చిలోనే పడినది. ఏప్రిల్ నెలలో రెండవ ఉధృతి వచ్చేసరికి కల్లం నిండా వడ్లు, కల్లం నిండా మనుషులు. కాంటా దగ్గర హమాలీలు భుజం భుజం రాసుకొంటూ బస్తాలెత్తుతున్నారు. నలభై కిలోల బస్తా నెత్తిన పెట్టుకొని మూతికి గుడ్డ కట్టుకొంటే ఊపిరాడుతుందా?

ఆ ముఠాలో ఒక యువకుడు నన్నడిగినాడు: "సారూ, టీకకు మా పేరు ఏడ రాస్తరు?"

"నీ వయసెంత తమ్మీ?"

"ముప్పై నాలుగు సార్."

"నలభై ఐదు దాటినవారికే వేస్తున్నారు. మీ వంతు ఇంకా రాలేదు."

అతడు కొంచెంసేపు నిలబడి, "వంతొచ్చేదాంక వడ్లు ఆగుతయా సార్?" అని బస్తా అందుకొన్నాడు.

ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. మా ఇద్దరిలో వయసు ఇంచుమించు ఒకటే. నేను నీడన కుర్చీలో కూర్చుండి తేమ చూచేవాడను. అతడు రోజుకు ఊరూరి వారిని తాకి బస్తాలు మోసేవాడు. నాకు టీకా పడినది, అతనికి పడలేదు. కారణమేమంటే, నా పేరు పంపడానికి ఒక కార్యాలయం ఉన్నది. అతని పేరు పంపడానికి ఎవరూ లేరు.

పది రోజులు తిరగకముందే ఆ యువకునికి జ్వరం వచ్చినది. వెనుకనే ముఠాలో మరి నలుగురికి. కాంటా ఆగిపోయినది. లారీలు వచ్చి ఉత్తవే తిరిగిపోయినవి. ఇంతలో అకాల వర్షం కొట్టినది. టార్పాలిన్ చాలనివారి కుప్పలలో అడుగు వడ్లు మొలకెత్తినవి. ఆ యువకుడు బతికి బయటపడినాడు గాని, ఆ పంటకాలమంతా మళ్ళీ బస్తా ఎత్తలేకపోయినాడు. అతని కూలి పోయినది, రైతుల వడ్లూ పోయినవి. ముందువరుస అంటే ఆసుపత్రి గడప దగ్గరే ముగియదని ఆనాడు నాకు తెలిసివచ్చినది. తరువాత మే నెలాఖరున తెలంగాణ ప్రభుత్వం గ్యాసు బండలు ఇంటింటికి తెచ్చేవారికి, చౌకధరల దుకాణదారులకు, కూరగాయలమ్మేవారికి, మరి కొందరికి ప్రత్యేకంగా టీకాలు మొదలుపెట్టినది. మంచి పని. అయితే మా కల్లంలో కాలం దాటిపోయినది.

కాలం అన్నాను గదా, ఆ సంగతి కొంచెం వివరించవలెను. విత్తనశుద్ధి ఎప్పుడు చేస్తాము? విత్తకముందు. మొలక కుళ్ళిన తరువాత మందు కలిపితే ఫలం లేదు. టీకా కూడ అంతే. సూది వేసిన మరునాడే రక్షణ రాదు. శరీరం ఆ రోగాన్ని గుర్తుపట్టి ఎదిరించే శక్తిని కూడగట్టుకొనుటకు కొన్ని వారాలు పడుతుంది. రెండవ మోతాదు పడి రెండు వారాలు గడచిన తరువాతనే చాలినంత శక్తి వస్తుంది. కోవాగ్జిన్‌కు రెండు మోతాదుల నడుమ నాలుగు నుండి ఆరు వారాలు. కోవిషీల్డ్‌కు 2021 మే నుండి పన్నెండు నుండి పదహారు వారాల ఎడం పెట్టినారు. కనుక కాంటా మొదలయ్యే నాటికి హమాలీకి రక్షణ ఉండవలెనంటే, పైరు పొట్టదశలో ఉన్నప్పుడే, ఇంకా ముందే, అతని పేరు వ్రాసుకొని ఉండవలెను. మరొక మాట కూడ దాచకుండా చెప్పాలి. టీకా వేసుకొన్నవారికి కరోనా అసలే రాదని కాదు. వచ్చినా ప్రాణం మీదికి రాకుండ చాలమందిని కాపాడినది.

సరే, జాబితాలో పేరు చేరినదనుకొందాం. అంతటితో సూది పడినట్లేనా? కాలువ తవ్వినంత మాత్రాన మడికి నీరు చేరుతుందా? నడుమ గండ్లున్నవి. నేను చూచిన గండ్లు నాలుగు.

ఒకటి, ఫోను. 18 మొదలు 44 ఏండ్లవారు మొదట కోవిన్ అనే పద్ధతిలో ముందుగా పేరు నమోదు చేసుకొని, తేదీ ఖాయం చేసుకొంటేనే టీకా. చదువు, మంచి ఫోను, సిగ్నలు గల పట్టణవాసులు పల్లె కేంద్రాలలో తేదీలు పట్టుకొని కార్లలో వచ్చి వేయించుకొనిపోయినారు. పక్క వీధి కూలీ చూస్తూ నిలబడినాడు. మే 24న ప్రభుత్వ కేంద్రాల వద్దనే పేరు వ్రాసుకొనే వీలు ఈ వయసువారికి కూడ కల్పించినారు. ఫోను, ఇంటర్నెట్టు లేనివారు వెనుకబడిపోతారని సుప్రీంకోర్టు కూడ మే 31 నాటి ఉత్తర్వులో ప్రశ్నించినది.

రెండు, కూలి. టీకా వేసిన తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్ళునొప్పులు రావచ్చును. నెలజీతం వారికి అది సెలవు. రోజుకూలీకి అది పస్తు. "జరమొస్తే రెండు దినాల కూలెవరిస్తరు?" అన్నవారిని మూఢులని తిట్టితే ఏమి లాభం? లెక్క వారికి మనకంటె బాగా తెలుసు.

మూడు, సీసా. టీకా సీసాను 2 నుండి 8 డిగ్రీల చలిలో ఉంచవలెను. కోవిషీల్డ్ సీసాలో పదిమందికి సరిపడే మందు ఉండేది. మూత తీసిన తరువాత నాలుగు గంటలలో వాడవలసి ఉండేది, లేకుంటే పారవేయవలసి వచ్చేది. కనుక ముగ్గురు నలుగురు వస్తే సీసా విప్పడానికి సిబ్బంది వెనుకాడేవారు. "రేపు రండి" అనేవారు. రేపు అతనికి కాంటా ఉన్నది.

నాలుగు, నమ్మకం. మనం కొత్త వంగడం ఎట్లా ఒప్పుకొంటాము? ఆఫీసరు చెప్పినాడని కాదు, పక్క చేనులో పండినదని. అందుకే ప్రదర్శన క్షేత్రం పెడతాము. ఆశా కార్యకర్త ముందుగా తన చేతికి సూది వేయించుకొని వాకిట నిలబడి, "నేను వేసుకొన్న, మంచిగనే ఉన్న" అన్నప్పుడు ఊరు కదిలినది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆశా కార్యకర్తలను సత్కరించినది. ఆమెకు మొదట టీకా వేయడం ఆమె ప్రాణానికి రక్షణ, ఊరికి ప్రదర్శన క్షేత్రం కూడ.

ఇక మనం చేయగలిగినది ఏమిటి? పై నుండి జాబితా వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేదు. ప్రతి గ్రామపంచాయతీలో ఒక పుస్తకం పెట్టండి. "ఏ పని ఒక్క వారం ఆగితే ఊరు ఆగిపోతుంది? ఆ పని చేసేది ఎవరు?" అని గ్రామసభలో అడిగి పేర్లు వ్రాయండి. వీధులూడ్చేవారు, నీళ్ళ ట్యాంకు వదిలేవారు, కరెంటు లైన్‌మన్, పాలకేంద్రంలో పాలు పోయించుకొనేవారు, చౌకధరల దుకాణదారు, కాంటా వేసేవారు, హమాలీలు, ట్రాక్టరు, ఆటో నడిపేవారు, పాడె మోసేవారు కూడ. పేరు, వయసు, ఫోను లేకుంటే ఎవరి ఫోనుకు కబురు చేయాలో వ్రాయండి. ఏడాదికొకసారి, తొలకరికి ముందు, సరిచూడండి.

రెండవది, పదిమందిని కూడగట్టుకొని ఒక్కసారే వెళ్ళండి. సీసాకు పదిమంది, గుంపుకు పదిమంది. అయితే ఒకే ముఠా మొత్తాన్ని ఒకేరోజు పంపకండి. అందరికీ జ్వరం వస్తే కాంటా ఆగుతుంది. ఐదుగురు హమాలీలు, ఐదుగురు డ్రైవర్లు, ఆ విధంగా కలపండి. మూడవది, కాంటా లేని వేళలో, కల్లం దగ్గరకే టీకా తెప్పించుటకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వారిని పంచాయతీ తరఫున అడగండి. నాలుగవది, సూది వేయించుకొన్న కూలీకి మరుసటి రోజు గింజో గంజో అందే ఏర్పాటు చేయండి. బస్తాకు ఇంత అని రైతులందరూ వేసుకొంటే అది పెద్ద బరువు కాదు. ఆనాడు మొలకెత్తి పోయిన వడ్ల విలువ ముందు అది ఎంత?

ముసర వ్యాధి పేరు మీ పెద్దలను అడగండి. పశువుల మందలను ఊడ్చుకొనిపోయేది. 1954లో మన దేశంలో దాని నిర్మూలన కార్యక్రమం మొదలై, ఊరూర పశువులకు టీకాలు వేసినారు. 2011లో ఆ రోగం భూమి మీదనే లేదని ప్రకటించినారు. కొట్టంలోని ఎద్దుకు ముందుచూపుతో సూది వేయించగలిగిన మనం, కల్లంలోని మనిషికి వేయించలేమా?

ఆ యువకుడు ఇప్పుడు మళ్ళీ మా కేంద్రంలోనే పని చేస్తున్నాడు. మా పంచాయతీ పుస్తకంలో మొదటి పేరు అతనిదే వ్రాయించినాను. మీ ఊరి పుస్తకంలో మొదటి పేరు ఎవరిదో ఈ సాయంత్రం రచ్చబండ దగ్గర ఆలోచించండి.