షర్క్‌లో వేసవి నీళ్లాట

నేను కువైట్ నగరంలో షర్క్ ప్రాంతంలో ఉంటాను. కంప్యూటర్ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. ఈ రోజు మన పిల్లల నీళ్లాట గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన ఊళ్లలో పెళ్లి చివర వసంతాలాడటం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. పసుపు నీళ్లలో సున్నం కలిపితే ఎర్రబడతాయి. ఆ నీళ్లు పట్టుకుని బావా మరదళ్లు ఒకరి వెంట ఒకరు పరుగెత్తేవారు. కువైట్ వాళ్లకూ ఇలాంటి సరదా ఉందండి. ఫిబ్రవరి 25 జాతీయ దినం, 26 విముక్తి దినం. ఆ రెండు రోజులూ గల్ఫ్ రోడ్డు మీద పిల్లలు నీటి తుపాకులతో, నీళ్ల బెలూన్లతో ఆడేవారు. నీటి వృథా, కంటి దెబ్బలు, చెత్త ఎక్కువై ఈమధ్య సంవత్సరాల్లో అధికారులు దాన్ని గట్టిగా కట్టడి చేస్తున్నారు. అసలు కువైట్‌కు స్వాతంత్ర్యం వచ్చింది 1961 జూన్ 19న. జూన్ ఎండల్లో పండుగ చేసుకోవడం కష్టమని తర్వాత ఫిబ్రవరికి మార్చారని చెబుతారు.

మరి ఆ ఎండల్లోనే మా బిల్డింగు పిల్లలకు సెలవులు! ఒక శుక్రవారం సాయంత్రం వెనకవైపు ఖాళీ స్థలంలో అందరం కలిసి పైపు పెట్టాం. మొదటి ధార పడగానే పిల్లలు కెవ్వుమన్నారు. డాబా మీది ట్యాంకు రోజంతా ఎండలో కాగుతుంది కదా! 2016 జూలైలో ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైందంటే ఎండ ఎలా ఉంటుందో ఊహించుకోండి. కాసేపు నీళ్లు పారబోశాం. కొంచెం చల్లబడ్డాక రెండు గంటలు ఆడుకున్నాం. ఆ రాత్రి ట్యాంకు ఖాళీ. పై అంతస్తులో నెలల బిడ్డ ఉన్న రాజంపేట అక్కయ్య గారింట్లో చుక్క నీరు లేదు. హారిస్ మోటారు వేసి నింపేసరికి తెల్లారింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. మాకే తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మా అమ్మాయి అడిగింది, "నాన్నా, ఇక్కడ నది లేదు కదా, నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?" అని. కువైట్ టవర్స్ చూపించాను. 1979లో తెరిచిన ఆ మూడు గోపురాల్లో రెండింటిలో నీళ్లుంటాయి, ఒక్కోదానిలో 45 లక్షల లీటర్లు. ఒకప్పుడు ఈ ఊరివాళ్లు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్లు తెచ్చుకునేవారు. ఇప్పుడు సముద్రపు నీటిని కాచి, ఆ ఆవిరిని చల్లార్చి మంచినీళ్లు చేస్తారు. అంటే మనం పారబోసే ప్రతి చెంబు వెనకా కొంత ఇంధనం కాలిందన్నమాట.

అలాగని ఆట మానిపించలేదండి. పద్ధతి మార్చాం. ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ఒక్క బకెట్టు, ఒక గ్లాసు. అంతే. నీళ్ల కోసం ఒక చిట్కా ఉంది. వేసవిలో గీజరు స్విచ్ కట్టేస్తే లోపలి నీళ్లు ఏసీ గదుల చల్లదనానికి చల్లబడతాయి. అప్పుడు వేడినీళ్ల కుళాయిలోనే చల్లటి నీళ్లు వస్తాయి! పొద్దున్నే బకెట్లు పట్టి ఇంట్లో పెట్టుకున్నా సరే. ఆట మాత్రం పొద్దు గుంకాకే. బెలూన్లు వద్దు. దగ్గర నుంచి తగిలితే కంటికి ప్రమాదం. పైగా ఆ ముక్కలు ఏరేది మనలాగే పొట్ట చేతబట్టుకుని ఇంత దూరం వచ్చిన సోదరులే.

తమాషా ఏమిటంటే, ఒక్క బకెట్టే అనేసరికి ఆట ఇంకా రంజుగా మారింది. గురి చూసి కొడుతున్నారు, దాక్కుంటున్నారు, గ్లాసు గ్లాసుకీ బేరాలాడుతున్నారు. మొన్న రాజంపేట అక్కయ్య గారు బిడ్డను చంకనెత్తుకుని కిందికి దిగి వచ్చారు. ఎవరూ చూడకుండా మొదటి గ్లాసు నా నెత్తిన పోసింది ఆవిడే!