ఎండాకాలంలో మంచం పట్టినవారి కోపం

గోదావరిఖని ఎండల సంగతి మీకు చెప్పనక్కరలేదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు సుమారు రెండు వేలమంది చనిపోయారు. వాతావరణ మార్పు వలన ఇటువంటి వడగాడ్పులు పెరుగుతున్నవి.

గనిలో కప్పు కూలి వెన్నెముక దెబ్బతిన్నవారి ఇండ్లలో ఈ నెలల్లో ఒకే మాట వింటుంటాము: “సిస్టరమ్మా, ఈయనకు ఊకె కోపమొస్తున్నది, రాత్రి నిద్ర పోతలేడు.”

దానిని గుణం అనుకోకండి. వెన్నులో పైభాగాన దెబ్బతగిలితే ఆ కింది శరీరానికి చెమట సరిగా పట్టదు. చెమట లేనిదే ఒళ్లు చల్లబడదు. నిద్ర చెడుతుంది, విసుగు, దిగులు పెరుగుతాయి. ఇంకొక సంగతి వారు నోరు తెరిచి చెప్పరు. మూత్రానికి మీ సాయం కావాలి గనుక, మీకు పని పెట్టడం ఇష్టంలేక నీళ్లు తగ్గిస్తారు. అడిగితే “దూప లేదు” అంటారు. కనుక అడగకుండానే మాటిమాటికి కొద్దికొద్దిగా నీళ్లు, మజ్జిగ ఇవ్వండి. (గుండె, కిడ్నీ జబ్బు ఉంటే ఎంత తాగాలో డాక్టరును అడగండి.) రేకుల గదిలో ఫ్యాను ఒక్కటే వేడిగాలిని తిప్పుతుంది, తడిగుడ్డతో ఒళ్లు తుడిచి ఫ్యాను వేయండి.

మానసిక వ్యాధి మందులు కొన్ని చెమటను తగ్గిస్తాయి. లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే మందే విషం కావచ్చు. చేతులు బాగా వణికినా, వాంతులైనా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మీ అంతట మీరు మందు ఆపకండి.

ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడితే అది వడదెబ్బ. 108కి ఫోన్ చేయండి. “బతకాలని లేదు” అంటే ఒంటరిగా వదలకండి. టెలి మానస్ 14416కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.