దీపపు పురుగుకు దారి చూపినదెవరు?

మా మదరసా వరండాలో ఇషా నమాజు అనంతరం పిల్లలు పాఠం వల్లె వేస్తుంటారు. తొలకరి వాన పడిన రాత్రి ట్యూబులైటు చుట్టూ దీపపు పురుగులు ముసురుకుంటాయి. తెల్లవారేసరికి చీపురుతో ఊడ్చవలసినన్ని రాలిపడి ఉంటాయి. అటువంటి ఒక రాత్రి హిఫ్జ్ చదివే చిన్న విద్యార్థి నన్నడిగాడు: “ఉస్తాద్, ఈ పురుగులకు అల్లాహ్ బుద్ధి ఇవ్వలేదా?”

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్న ఒక దీపపు పురుగు వృత్తాంతమే ఆ ప్రశ్నకు జవాబయింది. దానినే పాఠకులకూ మనవి చేస్తున్నాను.

ఆస్ట్రేలియా ఆగ్నేయ భాగంలో బోగాంగ్ అనే గోధుమరంగు శలభం ఉన్నది. రెక్కలు చాపితే దాదాపు ఐదు సెంటీమీటర్లు. వసంతకాలంలో రెక్కలు వచ్చిన ఈ శలభాలు, రానున్న ఎండలను తప్పించుకోవడానికి మైదానాలు విడిచి, రాత్రివేళ ఎగురుతూ ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ పర్వతాలకు బయలుదేరుతాయి. కొన్నింటి ప్రయాణం దాదాపు 1,000 కిలోమీటర్లు. అక్కడి చల్లని గుహల గోడలపై, ఇంటికప్పు పెంకుల వలె ఒకదానినొకటి ఆనుకొని, చదరపు మీటరుకు సుమారు 17,000 చొప్పున వేసవి అంతా నిశ్చలంగా గడుపుతాయి. శరదృతువులో మళ్లీ మైదానాలకు తిరిగివచ్చి, గుడ్లు పెట్టి మరణిస్తాయి.

ఇక్కడే ఆలోచించవలసిన విషయమున్నది. ఏ శలభమూ ఈ యాత్ర రెండవసారి చేయదు. దాని తల్లిదండ్రులు అప్పటికే మరణించి ఉంటాయి. ముందు నడిచే పెద్దలు లేరు, దారి నేర్పే గురువు లేడు. మెదడు చూస్తే బియ్యపు గింజకన్నా చిన్నది.

ఇది భూమి అయస్కాంత శక్తిని గ్రహించగలదని 2018లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. 2025లో మరొక సంగతి తేలింది. అయస్కాంత ప్రభావం లేని గదిలో ఈ శలభాల పైన నక్షత్రాలతో నిండిన ఆకాశాన్ని చూపగా, అవి తమ యాత్రాదిశకే తిరిగాయి. ఆ ఆకాశాన్ని తలకిందులుగా తిప్పితే అవీ వెనుకకు తిరిగాయి. నక్షత్రాలను చిందరవందర చేస్తే దిక్కు తోచక తిరిగాయి. మబ్బులు కమ్మి నక్షత్రాలు కనిపించని రాత్రి అయస్కాంత శక్తి ఆధారంగా అవి సాగిపోగలవు.

మీ ప్రభువెవరని ఫిరౌన్ ప్రశ్నించినప్పుడు మూసా (అలైహిస్సలాం) ఇచ్చిన సమాధానం సూరె తాహాలో ఉన్నది. ప్రతి వస్తువుకూ దాని రూపాన్నిచ్చి, ఆపై దానికి దారి చూపినవాడే తన ప్రభువని ఆయన పలికారు. గుహకు చేరిన ప్రతి శలభమూ ఆ మాటకు సాక్షి.

మరి ఇంతటి జ్ఞానం గల ప్రాణి దీపం దగ్గర ఎందుకు మోసపోతున్నది? రాత్రివేళ నేలకన్నా ఆకాశం కాస్త వెలుగుగా ఉంటుంది. అందుచేత ఎగిరే పురుగులు వీపును వెలుగువైపు ఉంచి నిటారుతనం నిలుపుకుంటాయి. మనిషి పెట్టిన దీపాన్ని ఆకాశమని భ్రమించి, దానికి వీపు తిప్పుతూ అక్కడక్కడే చుట్టు తిరుగుతాయని 2024లో ఒక పరిశోధన తెలిపింది. బోగాంగ్ శలభాల దారిలోనే కాన్‌బెర్రా నగరమున్నది. 1988లో ప్రారంభమైన అక్కడి పార్లమెంటు భవనపు దీపాల వద్ద ఇవి గుంపులు గుంపులుగా చిక్కుకునేవి. గుహ దూరంలో ఉన్నది, దీపం దగ్గరలో ఉన్నది. అంతే తేడా.

అగ్ని రాజేసిన మనిషి ఎంత వారిస్తున్నా పురుగులు వచ్చి అందులో పడే ఉపమానాన్ని దైవప్రవక్త (స) చెప్పారు. ప్రజలను నడుము పట్టి వెనక్కి లాగే తన స్థితిని అలా వర్ణించారు. ఈ హదీసును ఎన్నో ఏండ్లుగా బోధిస్తున్నాను. అయినా ఒక రాత్రి ఫోనులో ఒకటి చూడబోయి మరొకటి చూస్తూ రెండు గంటలు గడిపాను. ఆ ఉదయం ఫజ్ర్ జమాఅత్ తప్పిపోయింది. వరుసలో నా చోటు ఖాళీగా ఉండటం నా విద్యార్థులు చూశారు.

ఇంట్లో నిప్పు అంటుకోకుండా, నిద్రించే ముందు దీపాలు ఆర్పమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. నేటి దీపం మన దిండు పక్కనే వెలుగుతున్నది. పిల్లలను మందలించే ముందు తల్లిదండ్రులు తమ చేతిలోని దీపాన్ని ఆర్పాలి. ఇషా తరువాత ఫోన్లన్నీ ఒకచోట పెట్టే అలవాటు మా ఇంట్లో ఆ ఉదయం నుండే మొదలయింది. ఆరాధనలో మాధుర్యం తెలియని రాత్రులు, మనసుకు మబ్బు పట్టిన రాత్రులు అందరికీ వస్తాయి. ఆ రాత్రుల్లోనూ ఖిబ్లా మారదు. వేళకు లేచి అటు తిరిగి నిలబడటమే మన పని.

ఆ పిల్లవానికి చివరకు ఇలా చెప్పాను: “బాబూ, అల్లాహ్ దానికి దారి చూపాడు. దాని దారిలో దీపం పెట్టినది మనం.” వాడు కాసేపు ఆలోచించి, లేచి వెళ్లి వరండా లైటు ఆర్పాడు.

మన ఇండ్లలో దారి తప్పించే వెలుగులను గుర్తించే దృష్టిని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.