వార్తల్లో పదం: అర్థవంతమైన కనెక్టివిటీ

ఊళ్లోకి తీగ వస్తే ఇంటర్నెట్ వచ్చినట్టేనా? కాదంటుంది ఈ మాట. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవాలంటే కనీస డౌన్‌లోడ్ వేగం 2 ఎంబీపీఎస్ ఉండాలి. 2023 జనవరి దాకా ఆ గీత 512 కేబీపీఎస్ దగ్గరే ఉండేది. అయితే ఇది లైను కొలతే, వాడకం కొలత కాదు.

అందుకే అలయన్స్ ఫర్ అఫర్డబుల్ ఇంటర్నెట్ అనే కూటమి అర్థవంతమైన కనెక్టివిటీకి నాలుగు గీటురాళ్లు పెట్టింది: 4జీ వేగం, సొంత స్మార్ట్‌ఫోన్, ఇంట్లోనో పనిచోటో అయిపోని డేటా, రోజూ వాడకం.

కైకలూరు దగ్గర చెరువుగట్టు మీద చేపల ధర చూసుకునే రైతుకు సిగ్నల్ నిండుగా ఉన్నా, మధ్యాహ్నానికే డేటా అయిపోతే మూడోదాంట్లో తప్పినట్టే. ఇంటికంతటికీ ఉన్న ఆ ఒక్క ఫోనూ ఆయన జేబులోనే ఉంటే, ఏలూరులో డిగ్రీ చదివే కూతురు రెండోదాంట్లో తప్పినట్టు.

ఇక తీగ సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఇంటర్నెట్ సేవ ఏపీ ఫైబర్‌నెట్ 2017లో నెలకు 149 రూపాయల ప్లాన్‌తో మొదలైంది. దాని కనెక్షన్ల లెక్క ఆఫీసులో తేలుతుంది. వాడకం లెక్క గడప తొక్కి అడిగితేనే.