నామినీ వేరు... వారసుడు వేరు!

పెద్దకర్మ అయిపోతుంది. చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోతారు. ఇంట్లో మిగిలినవాళ్లు ఓ రోజు బీరువా తెరుస్తారు. పాస్‌బుక్కులు, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, బీమా బాండు, ఇంటి దస్తావేజులు... ఒక్కొక్కటే బయటపడతాయి. డిపాజిట్ రసీదు చూస్తే నామినీగా ఆయన తమ్ముడి పేరు! పెళ్లికి ముందు రాయించింది. తర్వాత మార్చాలని ఎవరికీ తోచలేదు.

మరి ఆ సొమ్ము తమ్ముడిదేనా?

కాదు. నామినీ అంటే సొమ్ము అందుకోవడానికి ఖాతాదారు చూపించిన మనిషి, అంతే. అతని చేతికిచ్చేస్తే బ్యాంకు బాధ్యత తీరిపోతుంది. అతని బాధ్యత మాత్రం అప్పుడే మొదలవుతుంది... అసలు వారసులకు అప్పగించాలి. బ్యాంకు డిపాజిట్ల విషయంలో సుప్రీంకోర్టు 2010లో ఈ సంగతి తేల్చి చెప్పింది. షేర్ల నామినీ కూడా యజమాని కాడని 2023లో తీర్పు ఇచ్చింది. బీమా దారి కాస్త వేరు. జీవిత భాగస్వామినో, పిల్లలనో, తల్లిదండ్రులనో నామినీగా పెడితే ఆ సొమ్ము వాళ్లకే చెందాలని 2015 సవరణ చెబుతోంది. దానిమీదా కోర్టుల్లో వాదనలు నడుస్తూనే ఉన్నాయి.

ఇంతకీ వారసులెవరు? వీలునామా రాయకుండా పోయిన హిందూ పురుషుడి స్వార్జితం అయితే భార్య, కొడుకులు, కూతుళ్లతోపాటు ఆయన తల్లికీ సమాన వాటా ఉంటుంది. తండ్రి మాత్రం ఈ మొదటి వరసలో లేడు! కొడుకు పోయిన ఇంట్లో ఓ మూల కూర్చున్న ముసలమ్మను ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ, 1956 నాటి చట్టం తీసుకుంది. కూతురికి పెళ్లయినా వాటా పోదు. అయినా మన ఇళ్లలో జరిగేదేమిటి? ఆడపడుచుకు చీర పెట్టి, కాగితం మీద సంతకం పెట్టించుకోవడం! ఇంటిలో వాటా వదులుకున్నట్టు తెల్లకాగితం మీద రాసిస్తే చెల్లదు. విడుదల దస్తావేజు రిజిస్టర్ కావాల్సిందే. (ముస్లిములకు, క్రైస్తవులకు వారసత్వ నియమాలు వేరు.)

ఇక కాగితాల సంగతి. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు కావాలి. కాబట్టి దుఃఖంలో ఉన్నా ఈ ఒక్క పనీ ఎవరో ఒకరు చూడాలి. తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి మీసేవలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఎక్కువ మంది చిక్కుకునేది పేరు దగ్గరే. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్కులో ఒక్క అక్షరం, దస్తావేజులో ఇంకో రకంగా... ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ ఇచ్చుకోవాలి. పిన్ తెలుసు కదా అని పోయినాయన కార్డుతో ఏటీఎంలో డబ్బు తీయడం మాత్రం వద్దు. రేపు మిగతా వారసులు లెక్క అడిగితే ఇబ్బంది.

నామినీ లేకపోతే వెంటనే కోర్టుకు పరుగెత్తాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. రిజర్వు బ్యాంకు 2025 ఆదేశాల ప్రకారం వాణిజ్య బ్యాంకుల్లో 15 లక్షల రూపాయల వరకు, వారసుల మధ్య తగాదా లేకుంటే, పూచీ పత్రం, మిగతావారి సమ్మతి పత్రాలతో సొమ్ము ఇవ్వాలి. కాగితాలన్నీ అందాక 15 రోజుల్లో తేల్చాలి, ఆలస్యమైతే పరిహారం కట్టాలి. అంతకు మించిన మొత్తాలకు, తగాదాలకు కోర్టు నుంచి వారసత్వ ధ్రువపత్రం కావాల్సి రావచ్చు. పేపర్లో ప్రకటన, కోర్టు ఫీజు, నెలల తరబడి వాయిదాలు... ఓపిక కావాలి. అది కూడా రావలసిన బాకీలకు, డిపాజిట్లకు, షేర్లకే. ఇంటికీ పొలానికీ పనికిరాదు. పొలమైతే రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పించుకోవాలి. తెలంగాణలో దాన్నే విరాసత్ అంటారు.

వీలునామా ఉంటే? మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాలకు బ్రిటిషు కాలంలో పెట్టిన ప్రొబేట్ నిర్బంధం మన రెండు రాష్ట్రాలకు వర్తించలేదు. ఎవరైనా కాదంటేనే కోర్టులో రుజువు చేయాలి. వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు (చేయిస్తే మంచిదే). ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండి తీరాలి. సాధారణంగా మనవాళ్లు ఈడువాళ్లయిన పాత స్నేహితులతో సంతకాలు పెట్టిస్తారు. తీరా వీలునామా బయటికొచ్చేసరికి సాక్షులు కూడా ఉండరు! తమకంటే చిన్నవాళ్లను, వాటా లేనివాళ్లను ఎంచుకుని, అసలు పత్రం ఎక్కడుందో ఇంట్లో ఒకరికైనా చెప్పి ఉంచాలి.

ఏ బ్యాంకులో ఏముందో తెలియకుండా పోయినవాళ్ల ఇళ్లకు కూడా ఒక దారి ఉంది. పదేళ్లుగా ఎవరూ అడగని డిపాజిట్ల వివరాలు వెతుక్కోవడానికి రిజర్వు బ్యాంకు 2023లో ఉద్గమ్ పోర్టల్ తెరిచింది. అక్కడ పోయినవారి పేరు, బ్యాంకు, పాన్ నంబరులాంటి ఒక వివరం ఇచ్చి చూడవచ్చు.