దత్తత: ఉత్సవము, వ్యయభారము

నాగేటిచాలులో లభించిన శిశువును తన కూతురని లోకమునకు చాటిన జనకుడును, పక్షులు కాచిన పసికందును ఆశ్రమమునకు గొనివచ్చి పెంచిన కణ్వుడును, తులసివనమున దొరకిన గోదను సాకి సంతరించి శ్రీరంగనాథునకే పిల్లనిచ్చిన మామయైన విష్ణుచిత్తుడును ఆ బిడ్డలను కన్నవారు కారు. అయినను సీత నేటికిని జానకియే. అత్తవారింటికి తరలిపోవు శకుంతలను చూచి కణ్వుడు కార్చిన కన్నీరు కన్నతండ్రి కన్నీటికి ఏమాత్రమును తీసిపోదు. ఇంతటి కథాసంపదకు వారసులమైన మనలో, ఆచారమున స్థిరపడిన దత్తత మాత్రము చిరకాలము పిండోదకములకును ఆస్తిపాస్తులకును ముడివడి, మగబిడ్డకే పరిమితమై యుండెను. కథలలో కీర్తి గన్నవారు పెంపుడు కూతుళ్లు. వ్యవహారములో కోరబడినవారు దత్తపుత్రులు.

ఈ వైరుధ్యమును తొలగించినది 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము. ఆడుబిడ్డను దత్తు తీసికొనుటకును, అవివాహితయో వితంతువో అయిన స్త్రీ స్వయముగా దత్తు తీసికొనుటకును అది మార్గము తెరచినది. దత్తహోమము అనివార్యము కాదనినది. దత్తతకై ధనము ఇచ్చుటను, పుచ్చుకొనుటను శిక్షార్హమైన నేరముగా పేర్కొన్నది. అనాథలకును, విడనాడబడిన శిశువులకును వర్తించు మార్గము వేరు. పసిపిల్లలను విదేశములకు పంపుటలో జరుగుచుండిన అక్రమములను గూర్చి లక్ష్మీకాంత్ పాండే అను న్యాయవాది వ్రాసిన లేఖను స్వీకరించి 1984లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితముగా, ‘కారా’ యని అందరును పిలుచు కేంద్ర దత్తత వనరుల సంస్థ 1990లో ఏర్పడినది. నేడు ఏ మతమువారైనను, 2015 నాటి బాలల న్యాయచట్టము ననుసరించి, ఆ సంస్థ ద్వారా బిడ్డను పొందవచ్చును. 2024-25 సంవత్సరములో ఈ విధముగా 4,515 మంది పిల్లలకు తల్లిదండ్రులు లభించిరి. అప్పటికి గడచిన పదేండ్లలో అదియే అత్యధికము. ఏటేటా నవంబరు మాసమున కారా దత్తతను గూర్చి ప్రచారోత్సవము జరుపుచున్నది.

ఇక వ్యయము మాట. సామాజిక కార్యకర్త ఇంటికి వచ్చి, దంపతుల ఆరోగ్యమును, ఆదాయమును, అన్నింటికంటె ముఖ్యముగా వారి మనస్సును పరిశీలించి నివేదిక వ్రాయును. బిడ్డ ఇల్లు చేరిన పిదప రెండేండ్లపాటు ఆరేసి నెలలకొకసారి వచ్చి యోగక్షేమములు విచారించును. 2017 నియమావళి ఆ నివేదికకు 6,000 రూపాయలును, శిశుసంరక్షణనిధికి 40,000 రూపాయలును, ఒక్కొక్క విచారణకు 2,000 రూపాయలును నిర్ణయించినది. 2022లో క్రొత్త నియమావళి వచ్చిన తరువాతను ఈ రుసుములన్నియు కలిసి లక్ష రూపాయలకు లోపే. ఇది బిడ్డకు కట్టిన వెల కాదు. శిశుగృహములో పాలకును, టీకాలకును, రాత్రులు మేలుకొని ఎత్తుకొని లాలించు ఆయాల జీతములకును వినియోగపడు సొమ్ము.

ఈ సంగతి ఊరూర తెలియకపోవుటచేతనే దళారులు బ్రతుకుచున్నారు. సంవత్సరముల నిరీక్షణకు ఓర్వలేని దంపతులు, చట్టము కోరు రుసుమునకు ఎన్నో రెట్లు అప్పుచేసి, అజ్ఞాతవ్యక్తుల చేతులలో పోయుచున్నారు. పాతికేండ్ల క్రిందట నల్లగొండ జిల్లా లంబాడీ తండాలనుండి ఆడుశిశువుల విక్రయము బయటపడి రాష్ట్రమంతయు నివ్వెరపోయినది. 2024 మే నెలలో మేడిపల్లి కేసున, ఇతర రాష్ట్రములనుండి తెచ్చి అమ్మిన పదిమందికి పైగా పసికందులను రాచకొండ పోలీసులు స్వాధీనము చేసికొనిరి. డబ్బు పోయినదన్నది అటుంచి, అప్పటికే ‘అమ్మా’ యని పిలుచుటకు అలవాటుపడిన బిడ్డ ఒడినుండి తొలగింపబడుట ఎంతటి యాతన!

అయితే అసలు భారము రుసుములలో లేదు. 2017లో ప్రసూతి సదుపాయముల చట్టమును సవరించినపుడు, దత్తు తీసికొన్న తల్లికి పన్నెండు వారముల వేతనముతో కూడిన సెలవు కల్పించిరి, కాని బిడ్డ వయస్సు మూడు నెలలకు లోపుగా నుండవలెనని పరిమితి పెట్టిరి. విడనాడబడిన శిశువు దత్తతకు అర్హుడని ప్రకటించుటకే చట్టము రెండు నెలల గడువు ఇచ్చుచున్నది. ఆపై వైద్యపరీక్షలు, తల్లిదండ్రుల ఎంపిక. మూడు నెలలు నిండకముందే బిడ్డ ఇల్లు చేరుట ఎంత దుర్లభమో చెప్పనక్కరలేదు. ఏడాది లోపు బిడ్డను దత్తు తీసికొన్న కేంద్రప్రభుత్వోద్యోగినికి 180 దినముల సెలవు గలదు. బట్టలకొట్టులో పనిచేయు తల్లికి, బీడీలు చుట్టు తల్లికి బిడ్డ మచ్చికగువరకు ఇంట నుండు అవకాశమేది?

గుండెజబ్బుతోనో, వినికిడిలోపముతోనో పుట్టిన పిల్లల విషయము మరింత ఆలోచింపదగినది. శిశుగృహములో నున్నంతకాలము చికిత్సభారము సంస్థది. గడప దాటిన క్షణమున అది తల్లిదండ్రులది. ఆరోగ్యశ్రీ పేదకుటుంబములను ఆదుకొనుచున్నది గాని, తెల్లకార్డునకు నోచుకొనని చిరుద్యోగి స్థితి యేమి? పోషక సంరక్షణలో బిడ్డను తాత్కాలికముగా పెంచు కుటుంబమునకు మిషన్ వాత్సల్య పథకము క్రింద నెలకు 4,000 రూపాయలు లభించును. అదే బిడ్డను శాశ్వతముగా తమదిగా చేసికొన్నవారికి ఆ సాయము లేదు. ఆదాయపు పన్నులో దత్తత వ్యయమునకు ప్రత్యేకమైన మినహాయింపును లేదు. అమెరికాలో 1980 నాటి చట్టము విశేషావసరములు గల పిల్లలకు దత్తత పిదపకూడ ఆర్థికసహాయము కొనసాగించినది; 1997 నుండి దత్తత వ్యయమును పన్నులో మినహాయించుచున్నారు. పరదేశపు పద్ధతులన్నియు మనకు అనుకూలింపకపోవచ్చును గాని, ఇట్టి బిడ్డకు పదునెనిమిదేండ్లు నిండువరకు, పెంచువారి ఆదాయముతో నిమిత్తము లేకుండ, వైద్యభారమును ప్రభుత్వము వహించుట అసాధ్యము కాదు. ఆ బిడ్డ మొదట ప్రభుత్వసంరక్షణలోని బిడ్డయే గదా!

ప్రభుత్వము చేయవలసినది అది. బంధువులు చేయదగినది మరియొకటి గలదు. నేటికిని కొందరు దంపతులు బిడ్డను తెచ్చుకొను ముందు కొన్నాళ్లు పొరుగూరికి పోయి, కన్నబిడ్డతో వచ్చినట్లు తిరిగివచ్చుచున్నారు. పెద్దయిన పిదప పరులనోట నిజము విన్న బిడ్డ హృదయము చెదరుచున్నది. 2022 నుండి దత్తత ఉత్తర్వును న్యాయస్థానమునకు బదులు జిల్లా కలెక్టరే ఇచ్చుచున్నారు. పెంచు తల్లిదండ్రుల పేరిటనే జననపత్రమును వచ్చును. ఆ ఉత్తర్వు చేతికందిన వారమే నలుగురిని పిలిచి బారసాల చేయవచ్చును. మేనత్తలు ఊయలపాట పాడవచ్చును. వెండిగిన్నెలకును, పట్టుబట్టలకును మారుగా చదివింపులను బిడ్డ పేర వైద్యనిధిగా జమకట్టవచ్చును. దరఖాస్తు పెట్టుకొనదలచినవారికి ప్రతి జిల్లాలోను బాలల సంరక్షణ విభాగపు కార్యాలయము గలదు. అచ్చటివారు దళారీ ప్రమేయము లేకుండ మొదటి మెట్టునుండి దారి చూపుదురు.