గోగునార ధరకు ఢాకాతో లంకె

గజపతినగరం: చంపావతి ఒడ్డున ఉన్న ఈ ఊరి వర్తకుణ్ణి ఢాకా ఎంత దూరమని అడిగితే నవ్వి ఊరుకుంటాడు. విజయనగరం సంతకు వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చే మనిషికి ఆ లెక్క అక్కరలేదు. కాని ఈ ప్రాంతంలో గోగునార విపణి బిగిసినా, మందగించినా, దాని వెనుక ఎక్కడో ఒకచోట గంగా డెల్టాలోని పొరుగు దేశం ఉంటూనే వచ్చింది. నార ఒక్కటే కాదు, ఇటీవలి కాలంలో మొక్కజొన్న, మినుములు కూడ ఆ జాబితాలో చేరాయి. పొరుగు దేశాలతో మన ఆర్థిక సహకారం అనగానే అది ఢిల్లీ పెద్దల వ్యవహారమనుకునే దలాలీలు ఈ సంగతి ఒకసారి నెమ్మదిగా చూసుకోవాలి.

అసలు ఉత్తరాంధ్రలో గోగు ఇంత విరివిగా పండటానికి మూలం ఒక సరిహద్దు గీత. భీమునిపట్నం రేవు పేరు మీద ‘బిమ్లి జూట్’ అనే నార అంతకు ముందే ప్రపంచ విపణిలో పేరు పొందినమాట నిజమే. చిట్టివలస మిల్లు పందొమ్మిదవ శతాబ్దం నాటిదే. కాని 1947 విభజనతో లెక్క తారుమారైంది. హుగ్లీ ఒడ్డున ఉన్న మిల్లులు మన వైపు మిగిలాయి. మేలురకం జనపనార పండే జిల్లాలు చాలవరకు తూర్పు పాకిస్తాన్‌కు పోయాయి. 1949 సెప్టెంబరులో మనం రూపాయి విలువ తగ్గించుకున్నాము, పాకిస్తాన్ తగ్గించుకోలేదు. అక్కడి నార రాత్రికి రాత్రి ప్రియమైంది. ఉభయ దేశాల వర్తకమే స్తంభించిపోయింది. మిల్లుల నోటికి నార అందించాలంటే అస్సాం, బీహారు, ఒరిస్సాలతోపాటు మన మెట్ట భూముల వైపు కూడ చూడక తప్పలేదు. గోగుకు గిరాకి ఆ విధంగా పెరిగింది. 1965 యుద్ధంతో సరిహద్దు మరోసారి మూతబడింది. పొరుగువాడితో తగవు వచ్చినప్పుడల్లా మన నారకు మంచి రోజులు వచ్చాయని చెప్పుకోవటం ముచ్చటైన విషయం కాదు గాని, జరిగింది మాత్రం అదే.

1971లో బంగ్లాదేశ్ అవతరించింది. మద్దతు ధరకు నార కొనే జూట్ కార్పొరేషన్ కూడ ఆ సంవత్సరమే ఏర్పడింది. మరుసటి ఏడాది మార్చిలో ఉభయ దేశాలు వర్తక ఒప్పందం కుదుర్చుకున్నాయి. అటుపిమ్మట 1985లో ఢాకాలోనే సార్క్ పుట్టింది. 2004లో సంతకమైన దక్షిణాసియా స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2006లో అమలుకు వచ్చింది. 2011 చివర మన ప్రభుత్వం మద్యం, పొగాకు వంటి 25 సరకులు మినహా మిగతా అన్నిటికీ బంగ్లాదేశ్ వంటి వెనుకబడిన దేశాలకు సుంకం ఎత్తివేసింది. ఢిల్లీ లెక్కలో ఇది తప్పుబట్టవలసిన పని కాదు. 2023-24లో మనం బంగ్లాదేశ్‌కు అమ్మిన సరకు సుమారు 1,100 కోట్ల డాలర్లు. కొన్నది 180 కోట్ల డాలర్లకు కాస్త అటూ ఇటూ. ఆరు రూపాయల సరకు అమ్మేవాడు ఒక రూపాయి సరకు కొననని మొరాయిస్తే బేరం ఎన్నాళ్లు సాగుతుంది?

చిక్కు ఏమంటే, ఆ ఒక్క రూపాయిలో గోనె సంచులు కూడ ఉన్నాయి.

ఇక్కడ నార స్వభావం కొంత చెప్పుకోవాలి. బంగ్లా రైతు పారే నీటిలో ఊరవేసిన జనపనార మెత్తన, నిగనిగ. మన రైతు చెరువు మడుగులో, నిలవ నీటిలో ఊరవేసిన గోగునార ముతక. సన్నని హెస్సియన్ గుడ్డకు అది అంతగా పనికిరాదు. ధాన్యం సంచికి వేసే ముతక నూలులోకి పోతుంది. కనుక బయటి నుంచి చవక సంచి దిగితే మొదట దెబ్బ తగిలేది గోగుకే. ఆహార ధాన్యాలను గోనె సంచులలోనే నింపాలని 1987 నాటి చట్టం నిర్బంధిస్తున్నది కాబట్టి మిల్లులు ఊపిరి పీల్చుకుంటున్నాయి గాని, ప్రయివేటు వర్తకుడు తన డబ్బుతో కొనే సంచికి ఆ రక్షణ లేదు. అతను చవక ఎక్కడుంటే అక్కడ కొంటాడు, కొనాలి కూడ.

ఢాకా ప్రభుత్వం తమ ఎగుమతిదార్లకు నగదు ప్రోత్సాహకం ఇస్తున్నదని మన మిల్లుదార్లు మొరపెట్టుకోగా, 2017 జనవరిలో బంగ్లాదేశ్, నేపాల్‌ల నుంచి వచ్చే జూట్ నూలు, హెస్సియన్, సంచులపై మన ప్రభుత్వం యాంటీ డంపింగ్ సుంకం విధించింది. గరిష్ఠంగా టన్నుకు 352 డాలర్ల వరకు పడింది. వర్తకుడి తెలివి ఎక్కడైనా ఒకటే. సంచిపై సుంకం పడగానే, కుట్టని గుడ్డగా రావటం మొదలైంది; 2019లో ఆ గుడ్డ మీదా సుంకం వేశారు. 2022 డిసెంబరులో మొత్తాన్ని మరి ఐదేళ్లకు పొడిగించారు.

ఇన్ని చేసినా గజపతినగరం వైపు గోగు విస్తీర్ణం పెరిగిందా? లేదు, బాగా కుంచించుకుపోయింది. చిట్టివలస మిల్లు 2009లోనే లాకౌటు అయింది. ఉత్తరాంధ్రలోని మరికొన్ని మిల్లులు మూతబడటం, తెరవటం, మళ్లీ మూతబడటం ఈ పేజీ పాఠకులకు కొత్త వార్త కాదు. కారణం వెతకటానికి సరిహద్దు దాకా పోనక్కరలేదు. గోగు కోయాలి, కట్టలు కట్టాలి, చెరువులో ఊరవేయాలి, మోకాటి లోతు మురుగులో నిలబడి నార తీయాలి. ఆ పనికి కూలీ దొరకటం కష్టమైంది. వాన వెనుకబడిన ఏడు చెరువులో నీరూ ఉండదు. పక్క చేలో మొక్కజొన్న వేసినవాడికి ఈ బాధలేవీ లేవు. సుంకం మిల్లును కాపాడగలదు గాని, రైతును మురుగులో దింపలేదు. పైగా నేటి మిల్లుదారు గోగుకోసం కనిపెట్టుకుని కూర్చోడు, బెంగాలు నార తెప్పించుకుంటాడు.

మిల్లుదారు, రైతు ఒకే పక్షమని ఢిల్లీకి వెళ్లే వినతిపత్రాలలో రాస్తుంటారు. సంచి విషయంలో అది నిజం. ముడినార విషయంలో అబద్ధం. మిల్లుకు నార చవకగా కావాలి, రైతుకు, నిలవ పెట్టిన వర్తకుడికి ప్రియంగా కావాలి. 2017 నాటి సుంకం ముడినార జోలికి పోలేదు. బంగ్లా నార పెట్రాపోల్ మీదుగా లారీలలో వస్తూనే ఉండేది. అది కూడ ఢాకా దయను బట్టే. 2015 నవంబరులో వారు ముడినార ఎగుమతి ఆపివేశారు, తరువాతి ఏడాది ఎత్తివేశారు. మన వైపు చూస్తే, 2021 సెప్టెంబరు ఆఖరున జూట్ కమిషనర్ నార ధరకు క్వింటాలుకు 6,500 రూపాయల గరిష్ఠ పరిమితి పెట్టారు. ఆ ధరకు సరకు చేతికి రావటం లేదని మిల్లులు గోల పెట్టగా 2022 మేలో ఎత్తివేశారు. ఆ ఎనిమిది నెలలూ కాగితం మీద ఒక ధర, బజారులో మరో ధర. ఇటువంటివి దలాలీలకు విడమరచి చెప్పనక్కరలేదు.

2025లో ఈ కథ మరో మలుపు తిరిగింది. జూన్ 27న మన ప్రభుత్వం బంగ్లాదేశ్ నుంచి ముడినార, జూట్ నూలు, గుడ్డ భూమార్గాన రాకుండా నిలిపివేసింది. రావలసి వస్తే ముంబయి దగ్గరి నవశేవా రేవు ఒక్కటే దారి. ఆగస్టులో సంచులు, పురికొస, తాళ్లు కూడ చేర్చారు. బెంగాలు మిల్లు గుమ్మం ముందున్న నార, దేశం చుట్టూ సముద్రంలో తిరిగి అరేబియా తీరంలో దిగి, మళ్లీ తూర్పుకు రావాలన్నమాట. ఆ కిరాయి భరించి కొనేవాడెవడు? ఢాకా కూడ ఆ సెప్టెంబరులో ముడినార ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. ధర నిలిచేదెక్కడ? 2025-26కు ప్రభుత్వం ప్రకటించిన కనీస మద్దతు ధర క్వింటాలుకు 5,650 రూపాయలు. 2014-15లో అది 2,400. ఆ ఏడాది చివరకు బజారు ధర మద్దతు ధరను ఎంతో వెనుక వదిలి పరుగు తీసింది. గోగు విరివిగా పండే రోజులలో ఈ ధర వచ్చి ఉంటే గజపతినగరంలో కొత్త మిద్దెలు లేచేవి. సరకు ఉన్న నాడు ధర లేదు, ధర వచ్చిన నాటికి సరకు లేదు.

సరే, గోగు వదిలి మొక్కజొన్న వేసిన రైతు పొరుగు దేశం బెడద తప్పించుకున్నాడా అంటే అదీ లేదు. బంగ్లాదేశ్ కోళ్ల దాణాకు మన మొక్కజొన్న కొంటూ వచ్చింది. గోనె సంచిలో పోటీదారయిన దేశమే గింజలో ఖాతాదారు. 2024 వచ్చేసరికి ఇథనాల్ కర్మాగారాల గిరాకితో మనమే మొక్కజొన్న దిగుమతి చేసుకున్నాము; అందులో మ్యాన్మార్ సరకు ఉంది. ఇక వరి కోసిన మళ్లలో వేసే మినుముల సంగతి మరీ స్పష్టం. 2021లో మ్యాన్మార్‌తో కుదిరిన అవగాహన ప్రకారం ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ఐదేళ్లపాటు తెచ్చుకోవటానికి మన ప్రభుత్వం అంగీకరించింది. ఒకనాడు ఈ తీరం నుంచి జనం కూలికోసం రంగూన్ ఓడ ఎక్కేవారు. ఇప్పుడు రంగూన్ మినుములే మన పప్పుమిల్లులకు వస్తున్నాయి.

బి.కాం. తరగతిలో మా మాస్టారు ఇంగ్లండు గుడ్డ, పోర్చుగల్ ద్రాక్షసారా లెక్క చెప్పి, ఎవరికి చేతనైనది వారు తయారు చేసుకుంటే ఇద్దరికీ లాభమని బల్ల గుద్దేవారు. లెక్క తప్పు కాదు. కాని ఆ లెక్కలో ఏ ప్రభుత్వమూ అర్ధరాత్రి ఉత్తర్వు జారీ చేయదు. సుంకం ఎంత ఉన్నా వర్తకుడు ధర కట్టుకోగలడు. గేటు ఎప్పుడు పడుతుందో, ఎప్పుడు లేస్తుందో తెలియకపోతే మాత్రం ఎంతటివాడూ ధర కట్టలేడు. ఈ విలేఖరి అభిప్రాయంలో మన విపణికి చేటు తెచ్చేది పొరుగు సరకు కంటే ఆ అనిశ్చితే. కోత కోసి, నార ఆరిన తరువాత కాక, విత్తనానికి ముందే దిగుమతి విధానం తేల్చి చెబితే రైతు ఏ పంట వేయాలో తానే చూసుకుంటాడు.

ముందు రోజులలో కనిపెట్టవలసిన తేదీలు రెండున్నాయి. బంగ్లాదేశ్ 2026 నవంబరులో వెనుకబడిన దేశాల జాబితా నుంచి బయటికి రావాలని ఐక్యరాజ్యసమితి 2021లో తీర్మానించింది. ఆ హోదా పోయిన దేశానికి సుంకం లేని ప్రవేశం తనంత తానుగా సాగదు, మళ్లీ బేరానికి కూర్చోవాలి. యాంటీ డంపింగ్ సుంకం గడువు 2027 చివరకు తీరుతుంది.

చివరగా విత్తనం మాట. బంగ్లా రైతు వేసే తోసా రకం జనుము విత్తనంలో అధిక భాగం మన దేశం నుంచి వెళ్లేదే. బరాక్‌పూర్ పరిశోధన కేంద్రంలో రూపొందిన జె.ఆర్.ఓ. 524 అంటే అక్కడి రైతులకు మోజు. మనతో పోటీకి వచ్చే సంచి మన గింజలోంచే మొలుస్తున్నదన్నమాట. గోగుకు వస్తే, శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పరిశోధన కేంద్రం ఎ.ఎం.వి. రకాలను రూపొందించింది. మే, జూన్ నెలల తొలకరికి ఆ విత్తనం ఎన్ని ఎకరాలకు పోతున్నదో విచారించుకున్న వర్తకునికి, అక్టోబరులో ఇక్కడ ఎన్ని బేళ్లు దిగుతాయో ముందే తెలుస్తుంది.